మా వదిన మెడలో బైనాక్యులర్స్

"అక్క పోయింది" అని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ లైబ్రరీలో కొత్త పుస్తకాలకి నంబర్లు అంటిస్తున్నాను.

"మళ్ళీ ఎక్కడికి పోయారు? మాత్ర వేసుకున్నారా, అలాగే పోయారా?" అన్నాను విసుగ్గా.

అవతల నుంచి మాట రాలేదు. ఆ మౌనం కాస్త సాగాక గానీ నాకు విషయం బోధపడలేదు. విసుగు ఇంకా గొంతులో ఉండగానే ఏడుపు ముంచుకొచ్చింది.

ఆ పొరపాటుకి నన్ను తప్పు పట్టకండి. మా ఇంట్లో "అక్క పోయింది" అంటే ఎప్పుడూ అర్థం అదే. ఏటిగట్టు మీదికి పోయింది, కడియం నర్సరీల్లోకి పోయింది, కోరింగ మడ అడవులకి పోయింది, చెప్పకుండా పోయింది, వద్దన్నా పోయింది. ఈసారి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. స్నానం చేసి, మేడ మీద వరండాలో పేము కుర్చీలో కూర్చుని, ఇడ్లీ తర్వాత తింటానని కిందికి కేకేసి, ఆ కుర్చీలోనే పోయింది. కొండలెక్కద్దని డాక్టరు చెప్పాడు. ఎక్కింది, ఏమీ కాలేదు. పడవలెక్కద్దని మేం చెప్పాం. ఎక్కింది, ఏమీ కాలేదు. హాయిగా కుర్చీలో కూర్చోండి వదినగారూ అని బతిమాలాం. ఒక్క పూట మా మాట విని కూర్చుంది.

మీలో ధవళేశ్వరం వైపు వాళ్ళెవరైనా ఉంటే ఆవిడని చూసే ఉంటారు. పొద్దున్నే గట్టు మీద నేత చీర, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు, నెత్తిన గుడ్డ టోపీ, మెడలో అరచేతిలో పట్టేంత నల్లటి బైనాక్యులర్స్. చాలామంది సర్వే వాళ్ళనుకునేవారు. ఒక రైతు నమస్కారం పెట్టి తన పొలం గట్టు తగాదా మొత్తం చెప్పుకున్నాడట. అంతా శ్రద్ధగా విని, "అది సరేగానీ బాబూ, మీ పంట బోదె పక్కన చెట్టు మీద కూర్చున్నదేంటో ఎప్పుడైనా చూశారా?" అని అడిగిందట. ఆ రైతు ఇంకెప్పుడూ ఆ దారిన ఎదురుపడలేదు.

ఆవిడ మా ఆయనకి పెద్దక్క. ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరైంది. భర్త చాలా ఏళ్ళ క్రితమే పోయారు. పిల్లలు లేరు. మా మేడ మీద వాటాలో ఉండేది, భోజనం కింద మాతోనే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క పిట్టని తలెత్తి చూసిన పాపాన పోలేదు. అంతా కళ్ళ ఆపరేషన్‌తో మొదలైంది.

రాజమండ్రిలో రెండు కళ్ళకీ శుక్లాలు తీయించి, నల్ల కళ్ళద్దాలు పెట్టి ఆటోలో తీసుకొస్తున్నాను. కాలవ పక్కన కరెంటు తీగ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. ఆవిడ కళ్ళద్దాలు తీసేసి, ఆటో ఆపించేసింది.

"ఏమైంది వదినగారూ, మంటగా ఉందా?"

"ఈ నీలం ఎప్పట్నించి ఉందే ఇక్కడ?"

"ఎప్పుడూ ఉందండి. మీరే చూళ్ళేదు. అద్దాలు పెట్టుకోండి, దుమ్ము పడుతుంది."

పెట్టుకోలేదు. పిట్ట ఎగిరిపోయేదాకా ఆటో కదలనివ్వలేదు. వెనక బస్సు హారన్ కొడుతున్నా, ఆటో అతను నావైపు దీనంగా చూస్తున్నా ఆవిడకి పట్టలేదు. ఇంటికి వచ్చాక గుమ్మంలో నిలబడి, "మామిడి చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయన్న సంగతి మర్చిపోయానే" అంది. ఆ రోజు నాకూ కళ్ళు చెమర్చాయి. రాబోయేదేంటో తెలియక చెమర్చాయి.

మొదట రాజమండ్రి ఎగ్జిబిషన్లో ఒక బైనాక్యులర్స్ కొనుక్కొచ్చింది. ఇటుక అంత ఉంది. డబ్బా మీద వంద రెట్లని రాసుంది. అందులోంచి చూస్తే ఒక కాకి రెండు కాకులయ్యేది. ఆ రెండిటి చుట్టూ ఊదారంగు చార కనిపించేది. కాసేపు చూస్తే తలనొప్పి. ఒక వానాకాలం గడిచేసరికి అద్దం లోపల బూజు పట్టింది. మన గోదావరి గాలికి బీరువాలో పట్టుచీరలకే బూజు పడుతుంది, దానికి పట్టదా? పీడ విరగడైందనుకున్నాం.

విరగడ కాలేదు. మంచిది కొనాలని తీర్మానించుకుంది. ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లో భోజనాల దగ్గర ఇంకో మాట లేదు.

"ఎనిమిది రెట్లు చాలే మరదలా. పది రెట్లయితే పిట్టతోపాటు నా చెయ్యి వణుకు కూడా పది రెట్లు పెద్దదవుతుంది."

"అలాగేనండి. చారు పొయ్యనా?"

"పెద్ద అద్దమైతే వెలుతురు ఎక్కువ పడుతుంది, కాదన్ను. కానీ బండరాయి మెళ్ళో కట్టుకుని కొండెక్కుతామా? చిన్న అద్దాలదైతే కొబ్బరికాయ కన్నా తేలిక. మడిస్తే సంచిలో పడుంటుంది. సందె చీకట్లో సరిగ్గా కనబడదంటున్నారు. పోన్లే, సందె వేళకి మన ఇంటికి మనం వచ్చేస్తాంగా."

కొండ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నేను అడగలేదు. చారు పోశాను.

ఎక్కడెక్కడి దుకాణాల వాళ్ళకో ఫోన్లు చేసేది. లోపల గాలికి బదులు నైట్రోజన్ నింపారా, నీళ్ళలో పడితే ఏమవుతుంది, కళ్ళజోడు వాళ్ళకి కూడా పనికొస్తుందా, అంచుల్లో రంగు చార వస్తుందా రాదా అని అవతలి వాళ్ళ ప్రాణం తీసేది. ఒక దుకాణం అతను విసిగిపోయి, "మీరు మిలిటరీయా మేడమ్?" అన్నాడు. "ఇరిగేషన్" అంది మా వదిన.

చివరికి వచ్చింది. చూడ్డానికి బొమ్మలా ఉంది. రబ్బరు తొడుగు, రెండు చిన్న గొట్టాలు, మధ్యలో తిప్పే చక్రం. ధర ఎంతని మా ఆయన అడిగితే, "నీకెందుకురా?" అంది. దానికి వేరే మెత్తటి గుడ్డ. ఇంకే గుడ్డా తగలకూడదు. తేమ తగలకుండా స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టేది. తేమ పీల్చే పొట్లాల కోసం మా వీధిలో ఎవరు కొత్త బూట్లు కొన్నా వాళ్ళింటికి వెళ్ళి ఆ అట్టపెట్టె అడిగేది. ఒకరోజు తొందరలో నేను ఆ డబ్బా పట్టుకుని కాలేజీకి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చుని మూత తీస్తే లోపల బైనాక్యులర్స్. ఆకలి మీద ఇంటికి ఫోన్ చేస్తే, "కిటికీలోంచి వేపచెట్టు కనబడుతుందన్నావుగా, ఓసారి చూడు" అంది. నా భోజనం సంగతి ఇద్దరం మాట్లాడుకోలేదు.

తను చూసుకుంటే ఎవరికీ గొడవ లేదు. అందరికీ చూపించాలి. అదీ మా కష్టం. పక్కన మనిషి కనబడితే చాలు, ఆ పట్టీ తీసి మెళ్ళో వేసేసేది. "ముందు వట్టి కంటితో చూడు. చూపు పక్కకి తిప్పకుండా అద్దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకో. అద్దంతో వెతక్కు" అనేది. ఈ పాఠం నాకు నిద్రలో కూడా వచ్చు. నా కళ్ళజోడు కోసం ఆ గొట్టాల చివర రింగులు కిందికి తిప్పాలి, కుడి కంటికి వేరేగా సర్దాలి. ఆవిడ సర్దుతుంటే ఈలోపు పిట్ట పోయేది. నేను చూసేదల్లా ఆకులే.

"కనిపించిందా?"

"లేదండి."

"అదుగోనే! పెద్ద కొమ్మ చీలిన చోట!"

"ఆకులండి."

"నీకు ఓపిక లేదు" అని తేల్చేసేది. ఓపిక లేనిది నాకట!

మా దగ్గరి బంధువుల అమ్మాయి పెళ్ళి కడియంలో పూలతోటల మధ్య చేశారు. ముహూర్తం దగ్గర పడింది. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టారు, బుట్ట ఎత్తాల్సిన మేనమామ లేడు. పందిరంతా వెతికారు. సన్నాయి వాళ్ళు వాయించిందే వాయిస్తున్నారు. చివరికి నాకు అనుమానం వచ్చి పందిరి వెనక్కి వెళ్ళి చూస్తే, మందార మొక్కల వరసలో పట్టుపంచె కట్టుకున్న మేనమామ కళ్ళకి బైనాక్యులర్స్ పెట్టుకుని వంగి నిలబడ్డాడు. పక్కన మా వదిన గుసగుసగా చెబుతోంది.

"తేనెపిట్టండి. కదలకండి. మెడ దగ్గర ఆ రంగు చూశారా?"

"అబ్బ! ఇంత చిన్నదానికి ఇంత రంగా అండీ!"

నేను వెళ్ళి ఇద్దర్నీ లాక్కొచ్చాను. ఆ పెళ్ళిలో జరిగిన ఆలస్యానికి మా వైపు వాళ్ళందరి తరఫునా క్షమాపణలు చెప్పుకుంది కూడా నేనే.

ఇంక ఎదురింటావిడ గొడవ. ఒక సాయంత్రం ఆవిడ కొంగు బిగించి మా గుమ్మంలోకి వచ్చింది.

"మీ వదినగారు మేడ మీద నుంచి మా ఇంట్లోకి దుర్భిణీ పెట్టి చూస్తున్నారండి. ఇదేం పద్ధతండీ? ఆడపిల్లలున్న ఇల్లు!"

నేను నోరు తెరిచే లోపు మెట్ల మీద నుంచి సమాధానం వచ్చింది. "మీ ఇంట్లో సంగతులు తెలుసుకోడానికి నాకు దుర్భిణీ ఎందుకండీ? మీ గొంతు ఇక్కడికి శుభ్రంగా వినబడుతుందిగా."

అయిపోయింది ఇరుగుపొరుగు స్నేహం అనుకున్నాను. కానీ మా వదిన దిగి వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళి, పట్టీ మెళ్ళో వేసింది. వాళ్ళ పెరట్లో తల విరిగిన కొబ్బరి మోడు ఉంది. దాని తొర్రలో చిన్న గుడ్లగూబల జంట కాపురం పెట్టింది. ఆవిడ చూసింది. చూసి పెద్ద కేక పెట్టింది.

"గుడ్లగూబా! మా ఇంట్లోనా! అమ్మో!"

చూపించినందువల్ల కలిగిన లాభమేంటంటే, మర్నాడే చెట్లు కొట్టే మనిషి రంపంతో దిగాడు. మా వదిన వెళ్ళి వాళ్ళ పెరట్లో ఆ మోడు మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. తొర్రలో గూబ పిల్లలున్నాయి, అవి ఎగిరేదాకా కొట్టడానికి వీల్లేదంది. ఆవిడ పెరడు, ఆవిడ మోడు, మధ్యలో ఈవిడ కుర్చీ! సాయంత్రం దాకా నేను ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగాను. పూతరేకులు పట్టుకెళ్ళి, ఎదురింటాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసి గడువు ఇప్పించాను. పిల్లలు ఎగిరాయి. ఆ తర్వాత మోడు కొట్టేశారు.

"అసలు మీరు చూపించకపోతే ఈ గొడవే లేదుగా" అన్నాను, గడువు దొరికిన ఆ రాత్రి అన్నం పెడుతూ. "ఏదో గోరింకో చిలకో అని ఉంటే సరిపోయేది."

"చూసింది చూసినట్టు చెప్పాలే. లేకపోతే ఇంక కళ్ళు బాగు చేయించుకోవడం ఎందుకు?" అంది. ఈ మాట ఆవిడ చాలాసార్లు అనేది. ఎవరైనా పిట్టని సగం చూసి పేరు చెప్పేస్తే ఒప్పుకునేది కాదు. తోక చూడలేదా, చూడలేదని చెప్పు. రంగు తెలియలేదా, తెలియలేదని చెప్పు. అంత ఖచ్చితం. అందుకే ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మారేడుమిల్లి కొండల్లో ముక్కు మీద ఇంకో ముక్కున్నట్టుండే పెద్ద పక్షులుంటాయని ఎవరో చెప్పారు. అంతే, ప్రాణాలు తోడేసింది. వానలు పూర్తిగా వెళ్ళాక వెళ్దామన్నాం. వినలేదు. సరే అని మా ఆయన, నేను, ఆవిడ కారులో బయల్దేరాం. దారి చూపడానికి అక్కడి ఊరాయన్ని ఒకర్ని మాట్లాడుకున్నాం. వాగు పక్కనుంచి కాలిబాట. పైన ఎక్కడో చిన్న జలపాతం ఉందన్నాడాయన. ఆవిడతో నడవడమంటే నడవడం కాదు, ఆగడం. ఆకు కదిలితే ఆగాలి, కదలకపోయినా ఆగాలి. మా ఆయన ఓపిక నశించి, దారి చూపే ఆయనతో కలిసి రాళ్ళ మీదుగా వాగు దాటి అవతలి గట్టు ఎక్కాడు. జలపాతం చూసి వచ్చేస్తాం, మీరిక్కడే ఉండండన్నాడు. ఇవతల ఒక బల్లపరుపు రాయి మీద మేమిద్దరం మిగిలాం. ఆవిడ ఒక పెద్ద ఉడుతని చూస్తోంది. నేను చెమట తుడుచుకుంటూ, కాళ్ళకి జలగలు పట్టాయేమో చూసుకుంటూ, ఈ మనిషితో ఇంకెప్పుడూ ఎక్కడికీ రాకూడదని ఒట్టు పెట్టుకుంటున్నాను.

పైన కొండల్లో వాన పడింది కాబోలు, వాగు రంగు మారింది. చూస్తుండగానే వాళ్ళు దాటిన రాళ్ళు మునిగిపోయాయి. కాసేపటికి మా మీద కూడా వాన మొదలైంది. అప్పుడు అవతలి గట్టున, ఎగువన, ఒక కేక వినబడింది. చూస్తే బండల మధ్య మా ఆయన నీలం చొక్కా. అంత దూరానికి కేక వినబడుతుంది, మాట తెలియదు. మనిషి కనబడతాడు, మొహం తెలియదు.

"ఏమైంది వదినగారూ? ఏం కనబడుతోంది?"

ఆవిడ అప్పటికే చూస్తోంది. మధ్య చక్రం ఒకసారి అటూ ఇటూ తిప్పింది. "కాలు జారాడు. కూర్చున్నాడు. ఏం పర్వాలేదు" అంది.

"నాకివ్వండి."

"ఉండు."

"ఒక్కసారి ఇవ్వండి, చూసి ఇచ్చేస్తాను."

"నీ కళ్ళజోడుకి సర్దాలి. ఈలోపు అద్దం మీద చినుకులు పడతాయి."

"వానలో కూడా పనిచేస్తుందని మీరే కదండీ ఇన్నాళ్ళూ చెప్పారు!"

ఇవ్వలేదు. పెళ్ళివారికీ, పాలవాడికీ, గ్యాసు తెచ్చిన మనిషికీ మెళ్ళో వేసి బలవంతంగా చూపించిన మనిషి, నేను నా మొగుణ్ణి చూసుకోవాలని ఏడుస్తూ అడుగుతుంటే ఇవ్వలేదు. నేను పట్టీ పట్టుకుని లాగాను. ఆవిడ ఒక చేత్తో బైనాక్యులర్స్ కంటికి అదిమి పెట్టుకుని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో.

"నవ్వుతున్నాడే" అంది. "సిగ్గుపడి నవ్వుతున్నాడు. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డప్పుడూ ఇంతే."

తర్వాత, "మంచినీళ్ళు తాగుతున్నాడు. ఆ ఊరాయన తువ్వాలు తీశాడు, తల తుడుస్తున్నాడు, వానకి" అంది.

ఇంకాసేపటికి, "మనవైపు చూశాడే. చెయ్యి ఊపు" అంది.

నేను వానలో నిలబడి, పిచ్చిదానిలా చెయ్యి ఊపాను. చాలాసేపు ఊపాను.

అలా ఎంతసేపు చెప్పిందో. వాగు హోరులో ఆవిడ గొంతు క్రికెట్ కామెంట్రీ చెప్పినట్టు నిదానంగా సాగింది. కేకలు విని ఊళ్ళోంచి మనుషులు వచ్చారు, మా వైపు వచ్చినాయన చెప్పాడు, ఎగువన వంతెన ఉందట, అటు నుంచి తెస్తారట. వాళ్ళు మంచం మీద మోసుకెళ్తుంటే అది నాకు వట్టి కంటికే కనబడింది.

"ఏం పర్వాలేదన్నారుగా? మోస్తున్నారేంటి?"

"కాలు బెణికింది కదే. రాళ్ళు" అంది.

ఆస్పత్రిలో దారి చూపిన ఆయన అంతా చెప్పాడు. "అయ్యగారు పడగానే తెలివి తప్పిపోయారండి. తల పగిలింది కదండీ. తువ్వాలంతా రగతమేనండి. మంచం మీదకెత్తాక ఎప్పుడో కళ్ళు తెరిచారు. నేనైతే పేనం మీద ఆశొదిలేసుకున్నానండి."

మా ఆయన తలకి కుట్లు వేస్తున్నారు. బయట బెంచీ మీద మా వదిన కూర్చుని ఉంది. ఆ ప్రత్యేకమైన గుడ్డ ఊసే లేదు, తడి చీర కొంగుతో అద్దాలు తుడిచిందే తుడుస్తోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అబద్ధం చెప్పారు మీరు."

"చెప్పాను."

"నేను చెయ్యి ఊపాను వదినగారూ! స్పృహలో లేని మనిషికి చెయ్యి ఊపాను!"

ఆవిడ రెండో అద్దం తుడవడం మొదలుపెట్టింది.

"చూసింది చూసినట్టు చెప్పాలన్నది ఎవరండీ?"

"అది పిట్టల గురించి అన్నాను" అంది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "ఆ మొహం నీకు చూపిస్తే వాగులోకి దిగేదానివి. దిగేదానివా, కాదా?"

నేను ఆవిడ పక్కన బెంచీ మీద కూలబడ్డాను.

"వాడు అవతల అలా పడున్నాడు. నువ్వు కూడా నీళ్ళల్లో పడితే, నేను ఎవర్ని చూడనే?"

అంతవరకూ చెప్పి గుండె మీద చెయ్యి వేసుకుంది. అటుగా వెళ్తున్న డాక్టరు ఆవిడ మొహం చూసి, లోపలికి తీసుకెళ్ళి పరీక్ష చేసి, వెంటనే రాజమండ్రి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళమన్నాడు. ఆవిడ గుండె సంగతి మాకు తెలిసింది అప్పుడే. ఆవిడకి ముందే తెలుసో తెలియదో, ఎంత అడిగినా చెప్పలేదు. మా ఆయన్ని కూడా అక్కడికే మార్చారు. అక్కాతమ్ముళ్ళు ఒకే ఆస్పత్రిలో చెరో అంతస్తులో పడుకున్నారు. పైకీ కిందికీ ఫ్లాస్కు పట్టుకుని తిరిగింది నేను. ఈవిడ అక్కణ్ణించి కూడా, కిటికీ అవతల నీళ్ళ ట్యాంకు మీద గద్ద గూడు కట్టింది, డబ్బా తెచ్చిపెట్టు అని కబురు పంపింది. తేలేదు. నాలుగు రోజులు అలిగింది.

ఇంటికి వచ్చాక మా మధ్య ఏదో బిగుసుకుంది. మాటలున్నాయి, పెసరట్టులో అల్లం ఎక్కువైందనే లాంటి మాటలు. కానీ ఆవిడ నా మెళ్ళో పట్టీ వేయడం మానేసింది. పిట్టని చూసేది, నేను పక్కనే ఉన్నా ఊరుకునేది. ఇన్నేళ్ళూ ఎప్పుడు మానుతుందా అని ఎదురుచూసిన నాకు, మానేశాక తోచేది కాదు. ఇదేం పెంకితనమండీ ఆవిడది! చూపించినా బాధే, చూపించకపోయినా బాధే.

ఒక ఆదివారం గట్టు మీద నేనే చెయ్యి చాపాను. "ఇలా ఇవ్వండి."

ఆవిడ ఏమీ అనకుండా రింగులు తిప్పి, నా కళ్ళజోడుకి సర్ది ఇచ్చింది. వరిచేలో ఒక బూడిదరంగు కొంగ నిలబడి ఉంది. ముందు వట్టి కంటితో చూశాను. చూపు తిప్పకుండా అద్దం పెట్టుకున్నాను. దాని ముక్కు మూసుకున్నా మధ్యలో సందు ఉంది, అందులోంచి అవతలి పచ్చదనం కనబడుతోంది. నత్తని ఆ సందులో ఇరికించి తలని ఒక్క విదిలింపు విదిలించింది. నీటి చుక్కలు ఒక్కొక్కటీ లెక్క పెట్టొచ్చు. నా పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ చేల పక్కనే నడుస్తున్నాను.

"కనిపించిందా?"

"కనిపించిందండి."

ఏమిటి, ఎలా ఉంది, కాళ్ళ రంగేంటి అని ప్రశ్నలు మొదలవుతాయని కాచుకుని ఉన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. నా పక్కన నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి ఊరుకుంది.

ఆ తర్వాత బాగుపడిందనుకుంటున్నారేమో. లేదు. డాక్టరు మాట పక్కన పెట్టి కోరింగ వెళ్ళింది. మాతో అన్నవరం వెళ్తున్నానని చెప్పి, దారిలో పిఠాపురంలోనే దిగి దర్శనం కానిచ్చేసి, అక్కణ్ణించి ఇంకెవరినో పట్టుకుని కొండల్లోకి పోయింది. ఆ ముక్కు పక్షిని చూసే వచ్చింది. "ఈసారి నిన్ను తీసుకెళ్తాను" అంది, నేనేదో బతిమాలినట్టు. మేడ దిగి కింది గదిలోకి రమ్మంటే, "కింద గోడ తప్ప ఏం కనబడుతుందే?" అంది. మెట్లెక్కద్దని చెప్పి చెప్పి మా గొంతులు పోయాయి. ఇదంతా రాస్తుంటే కూడా నాకు కోపం వస్తోంది. ఒక్క మాట వినుంటే ఇంకో పదేళ్ళు ఉండేవారు కదండీ! ఉండి ఆ పదేళ్ళూ నన్ను కాల్చుకు తినేవారు, అది వేరే సంగతి.

అస్థికలు కలపడానికి పడవలో వెళ్ళాం. మా ఆయన, నేను, ఎదురింటి దంపతులు, కడియం పెళ్ళిలో బుట్ట ఎత్తిన ఆ మేనమామ, పంతులుగారు. ఎండ ఇంకా ముదరలేదు. పడవ అతను నడి గోదారిలో ఇంజను ఆపాడు. మా ఆయన వంగి అస్థికలు వదిలాడు. బంతిపూలు నీళ్ళ మీద మెల్లగా విడిపోతున్నాయి. అప్పుడు ఎగువ నుంచి పక్షుల గుంపొకటి నీటికి బాగా తక్కువ ఎత్తులో మావైపు వచ్చింది. పంతులుగారు కూడా మంత్రం ఆపి తల తిప్పారు.

"నీటికాకులు" అన్నారు ఎదురింటాయన.

"కాదండి, నీటికాకులకి మెడ అలా ఉండదు. బాతులు" అన్నాడు మేనమామ.

"బాతులు తెల్లగా ఉంటాయేంటి రెక్కల కింద?" అంది ఎదురింటావిడ.

ముగ్గురూ వాదించుకున్నారు. పంతులుగారు ఇంకేదో పేరు చెప్పారు. ఎవరికీ తెలియదు. చూద్దామంటే ఆ డబ్బా మేడ మీదే ఉండిపోయింది. మా ఆయన ఏమీ అనకుండా, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. నేనూ పెట్టుకున్నాను. నీళ్ళ మీద వాటి నీడలు, నీడల మీద అవి, పూల పక్కనుంచి చప్పుడు లేకుండా సాగిపోయాయి. లంక దగ్గర ఒక్కసారిగా పైకి లేచి, తెల్లటి రెల్లు పూల మీదుగా దాటి, వెలుగులో కలిసిపోయాయి. పడవలో అందరం ఆ వైపే చూస్తూ నిలబడ్డాం.